90 శాతం హాజరు వెనక దాగిన పిల్లలు

ఒక ప్రాథమికోన్నత పాఠశాలలో ఏడో తరగతి పిల్లలు 30 మంది అనుకుందాం. ఏడాది చివర లెక్క తీస్తే హాజరు 90 శాతం వచ్చింది. వినడానికి బాగానే ఉంది. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి కనీసం 220 పనిదినాలు ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఆ లెక్కన మొత్తం 6,600 హాజర్లు ఉండాలి. అందులో 660 పోయాయన్నమాట. అవి ఎవరివి? 30 మందీ తలా 22 రోజులు మానేసినా 90 శాతమే వస్తుంది. మరో బడిలో 24 మంది ఒక్క పూట కూడా మానకుండా వచ్చి, మిగతా ఆరుగురు తలా 110 రోజులు, అంటే సగం ఏడాది, రాకపోయినా 90 శాతమే వస్తుంది. రెండో బడిలో ఆరుగురు పిల్లల చదువు కళ్లెదుటే పోతోంది. మండల కార్యాలయానికి వెళ్లే నివేదికలో మాత్రం రెండు బడులకూ ఒకటే అంకె.

హాజరు పట్టీలో పేర్లు ఒకదాని కింద ఒకటి ఉంటాయి, తేదీలు పక్కపక్కన ఉంటాయి. రోజూ ఉదయం టీచర్లుగా మనం కూడేది నిలువు గడిని. ఈ పూట ఎంతమంది వచ్చారు, మధ్యాహ్న భోజనానికి ఎన్ని బియ్యం తీయాలి అన్నది దాంతో తేలుతుంది. ఒక పిల్ల సంగతి తెలియాలంటే అదే పట్టీని ఆమె పేరు దగ్గర మొదలుపెట్టి అడ్డంగా చదవాలి. బడి మానడాన్ని తగ్గించే పని అక్కడే మొదలవుతుందని నా నమ్మకం. పథకాలు, యాత్రలు, ర్యాలీలు అన్నీ దాని తర్వాతే.

అడ్డంగా చదివితే వరసలు మాట్లాడతాయి. ఒక అబ్బాయికి వారం వారం ఒకే రోజున గైర్హాజరు పడుతుంటే, అది ఆ ఊరి సంత రోజేమో చూడాలి. అమ్మ సంతకు వెళ్తే చంటిపిల్లను చూసుకోవడానికి వాణ్ని ఇంట్లో ఉంచేసి ఉంటారు. ఎనిమిదో తరగతి అమ్మాయికి నెల నెలా వరసగా మూడు నాలుగు రోజులు ఖాళీ కనిపిస్తే, ముందు చూడాల్సింది మరుగుదొడ్డి తలుపుకు గడియ ఉందా, లోపల నీళ్లు వస్తున్నాయా అని. నెలంతా అక్కడొకటి ఇక్కడొకటి ఖాళీలుంటే బస్సు సమయాన్నో పొద్దున్న ఇంట్లో తిండినో అనుమానించాలి. వరస దసరా తర్వాత ఆగిపోయి ఉగాది దాటాక మళ్లీ మొదలైతే అది వలస. ఇన్ని రకాల గైర్హాజరుకు ఒకే మందు పనిచేయదు.

మన దేశంలో నమోదు సమస్య చాలావరకు తీరింది. ప్రాథమిక వయసు పిల్లల్లో దాదాపు అందరి పేర్లూ ఏదో ఒక బడిలో ఉన్నాయి. కానీ 2024లో ఏసర్ సర్వే బృందాలు పల్లెల్లోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు వెళ్లి తలలు లెక్కపెడితే, పేరున్న పిల్లల్లో దేశం మొత్తం మీద సగటున నలుగురిలో ముగ్గురే ఎదురుగా కనిపించారు. జూన్‌లో బడిబాట పట్టి ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసుకుంటాం. నవంబరులో ఆ పేర్లున్న పిల్లలు ఎక్కడున్నారో అడగడానికి మళ్లీ అంత ఉత్సాహంగా బయల్దేరం.

ఒక్క రోజు మానితే ఏమవుతుందని అడిగే తల్లిదండ్రులు ఉంటారు. లెక్కల పాఠంలో ఏమవుతుందో చూడండి. పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకుని తీసివేయడం ఒక వారంలో చెప్పేస్తారు. ఆ వారం జ్వరంతో పడుకున్న పిల్ల తిరిగొచ్చేసరికి తరగతి ముందుకు వెళ్లిపోతుంది. తీసివేత రాకపోతే భాగాహారం రాదు. బోర్డు దగ్గరికి పిలిచినప్పుడు తప్పు చేస్తుంది, పక్కవాళ్లు నవ్వుతారు. మర్నాడు పొద్దున్న కడుపునొప్పి అంటుంది. అది నిజమైన నొప్పే, భయం వల్ల వచ్చిన నొప్పి. ఇలా జ్వరం వల్ల మొదలైన ఖాళీ సిగ్గు వల్ల పెరుగుతుంది. అందుకే చాలా రోజుల తర్వాత వచ్చిన పిల్లను నిలబెట్టి ‘ఇన్నాళ్లూ ఎక్కడికి పోయావ్’ అని గద్దిస్తే నాకు చాలా బాధ వేస్తుంది. రావడమే ఆ పిల్ల చేసిన ధైర్యం. ఆ రోజు ఆమెకు కావాల్సింది పక్కన కూర్చోబెట్టుకుని, పోయిన పాఠం చెప్పే ఒక అరగంట.

ఇంకో సంగతి. పిల్లలు ఎన్ని రోజులు మానేశారో తల్లిదండ్రులకు సరిగ్గా గుర్తుండదు, తక్కువే అనుకుంటారు. ఇది మన పల్లెల్లో మాత్రమే ఉన్న విషయం కాదు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో టాడ్ రోజర్స్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు వేల కుటుంబాలకు ఉత్తరాలు పంపి చూశారు. మీ అమ్మాయి, మీ అబ్బాయి ఈ ఏడాది ఇప్పటికి ఇన్ని రోజులు రాలేదు అని ఆ ఉత్తరాల్లో ఉండేది. దీర్ఘకాలం మానేసే పిల్లల సంఖ్య దాదాపు 10 శాతం తగ్గింది. ఖర్చల్లా కాగితం, తపాలా బిళ్ల. మన దగ్గర ఆ పనికి ఉత్తరం కన్నా మాట మేలు. చదువు రాని తల్లికి కూడా ‘అమ్మా, ఈ నెలలో మీవాడు ఆరు రోజులు రాలేదు’ అని ఫోన్లో చెబితే అర్థమవుతుంది. ఆ ఫోను మూడో రోజే వెళ్లాలి. పదిహేనో రోజున వెళ్తే అప్పటికే వాడు మేస్త్రీ దగ్గర పనికి కుదురుకుని ఉంటాడు.

ప్రభుత్వాలు చేసినవి తక్కువేమీ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో బడిలోనే వండి పెట్టే మధ్యాహ్న భోజనం మొదలైంది. అది ఎందరో పిల్లలను మధ్యాహ్నం దాకా బడిలో నిలిపింది. కానీ కూలికి వెళ్లే తల్లి పొద్దున్నే ఇల్లు వదులుతుంది. ఖాళీ కడుపుతో పిల్లలు తొమ్మిదింటికి బయల్దేరాలి. 2022లో తమిళనాడు, 2023లో తెలంగాణ బడిలో అల్పాహారం మొదలుపెట్టింది ఈ ఖాళీని చూసే. దూరం మాటకొస్తే, బిహార్ 2006లో తొమ్మిదో తరగతిలో చేరే అమ్మాయిలకు సైకిళ్లకు డబ్బు ఇచ్చింది. ఆ వయసులో చదివే అమ్మాయిల సంఖ్య బాగా పెరిగిందని తర్వాత జరిగిన అధ్యయనం తేల్చింది. బడికి దూరంగా ఉన్న ఊళ్లలోనే ఆ ఫలితం ఎక్కువగా కనిపించింది.

ఆంధ్రప్రదేశ్ 2020 జనవరిలో అమ్మఒడి పేరుతో తల్లి ఖాతాలో ఏడాదికి 15,000 రూపాయలు వేయడం మొదలుపెట్టింది. పిల్లలకు 75 శాతం హాజరు ఉండాలన్నది నిబంధన. చదివించడానికి పేద తల్లికి ఖర్చవుతుందని ప్రభుత్వం ఒప్పుకోవడం మంచిదే. అయితే 220 రోజుల్లో 75 శాతం అంటే 165 రోజులు. 55 రోజులు మానేసిన పిల్లవాడు కూడా ఆ గీత దాటేస్తాడు. పైగా ఆ డబ్బు ఏడాదికోసారి వచ్చేది, మానేయాలా వద్దా అన్న నిర్ణయం రోజూ పొద్దున్నే జరుగుతుంది. ఏడాదికోసారి వచ్చే సొమ్ము ఆ పొద్దుటి నిర్ణయాన్ని మార్చడం కష్టం. ముఖం చూసి హాజరు వేసే యాప్‌ల గురించీ ఇదే చెబుతాను. ఎవరు రాలేదో అవి త్వరగా చెబుతాయి. ఎందుకు రాలేదో కనుక్కోవడానికి మనిషే వెళ్లాలి.

బడి వైపు తప్పు కూడా చూడాలి. 2003లో దేశవ్యాప్తంగా ముందస్తు సమాచారం లేకుండా బడులకు వెళ్లి చూసిన ఒక సర్వేలో, ప్రాథమిక పాఠశాలల టీచర్లలో నలుగురిలో ఒకరు ఆ సమయంలో బడిలో లేరు. అందరూ ఎగ్గొట్టినవాళ్లు కాదు, శిక్షణలు, సమావేశాలు, ఇతర విధులు కూడా ఉంటాయి. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఆ ఒక్కరూ మండల కేంద్రానికి వెళ్తే బడే లేదు. రెండు కిలోమీటర్లు నడిచొచ్చి తాళం చూసి వెనక్కి వెళ్లిన పిల్లవాడు మూడోసారి రాకపోతే వాణ్ని అనలేం.

రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి బాలకార్మికులను బడికి తెచ్చే పనిలో దిగిన ఎం.వి. ఫౌండేషన్ అనుభవం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. దాన్ని నడిపించిన శాంతా సిన్హా హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం బోధించారు, 2003లో మెగసెసే పురస్కారం అందుకున్నారు. బడికి వెళ్లని ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్నది వాళ్ల సూత్రం. పేదరికం ఉన్నంతకాలం పిల్లలు పనికే పోతారన్న వాదనను వాళ్లు ఒప్పుకోలేదు. కడు పేద తల్లిదండ్రులు కూడా పిల్లలను చదివించడానికి సిద్ధంగా ఉన్నారని, దారిలో చేరిక దగ్గరా వయసు దగ్గరా వెనకబాటు దగ్గరా అడ్డంకులున్నాయని చూపించారు. శిబిరాల్లో కొన్ని నెలలు చదివించి, వయసుకు తగ్గ తరగతిలో చేర్పించారు. ఊళ్లోని యువకులే ఇంటింటికీ తిరిగారు.

అన్నిటికన్నా కష్టమైనది వలస. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో, కోసిగి, మంత్రాలయం, పెద్దకడబూరు వైపు, వానాకాలం పంట చేతికి రాకపోతే కుటుంబాలు సుగ్గికి, అంటే సీజన్ పనుల వలసకు, బయల్దేరతాయి. గుంటూరు వైపు మిరప కోతలకు, తెలంగాణలో పత్తి తీతకు వెళ్తాయి. పత్తికి కిలో లెక్కన కూలి. పదేళ్ల చేతులు కూడా ఆ తూకంలో కలుస్తాయి. గద్వాల ప్రాంతంలో సీడ్ పత్తి చేలల్లో క్రాసింగ్ పని మరో రకం. సాయంత్రం మొగ్గల నుంచి మగ భాగం తీసేసి, మర్నాడు పొద్దున్నే పుప్పొడి అద్దాలి. సీజన్‌లో ఒక్కరోజు ఆగినా విత్తనం పోతుంది కాబట్టి, పనిలో పెట్టిన అమ్మాయికి నెలల తరబడి బడి ఉండదు. ముందే అడ్వాన్సు తీసుకున్న తండ్రి కాదనలేడు.

ఇక్కడ ఫోన్లూ ఉత్తరాలూ చాలవు. పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకోవడానికి సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి. అవి కుటుంబం బండెక్కక ముందే తెరవాలి. ఏ ఇల్లు ఎప్పుడు కదులుతుందో పోయినేటి పట్టీ చూస్తే తెలుస్తుంది కనుక, సెప్టెంబరులోనే హెచ్‌ఎం, ఊరి పెద్దలు ఆ తల్లిదండ్రులతో కూర్చోవచ్చు. అమ్మమ్మో నానమ్మో ఊళ్లో ఉంటానంటే హాస్టల్ కూడా అక్కర్లేదు, ఆమెకు రేషన్ సక్రమంగా అందితే చాలు.

అయినా వెంట తీసుకెళ్తే? విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం, ఏ కారణంతో ఊరు మారినా పిల్లలకు ప్రభుత్వ లేదా ఎయిడెడ్ బడికి మారే హక్కు ఉంది. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఆపకూడదు. ఒకే రాష్ట్రం కనుక కోసిగిలో ఉన్న పాఠ్యపుస్తకమే గుంటూరు పల్లెలోనూ ఉంటుంది. కోతల కుటుంబాలు చేల గట్ల మీద గుడిసెలు వేసుకున్న వారంలోనే అక్కడి టీచరు వెళ్లి పేర్లు రాసుకోవాలి, కోసిగి టీచరుకు ఫోన్ చేసి పాఠం ఎక్కడిదాకా వచ్చిందో అడగాలి. మార్చిలో వాళ్లు తిరుగుదారి పట్టేటప్పుడు ఇక్కడ ఏయే పాఠాలు అయ్యాయో ఒక కాగితం మీద రాసి ఆ పిల్ల చేతికిస్తే, కోసిగి బడిలో ఆమెకు చదువు అక్కడి నుంచే మొదలవుతుంది.