ల్యాబుకీ మిల్లుకీ... పెళ్లిళ్ల పేరయ్యలు!

శాస్త్రవేత్త కనిపెడతాడు. వ్యాపారి అమ్ముతాడు. మరి ఆ ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టి, కట్నకానుకలు మాట్లాడి, ముహూర్తం పెట్టేదెవరు? విశ్వవిద్యాలయాల్లో అలాంటి పేరయ్యలకిప్పుడు పెద్ద పీట వేస్తున్నారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ కుర్రాళ్లకు ఆ పీట మరీ దూరంగా ఏమీ లేదు.

కార్తీకం వచ్చిందంటే మిర్యాలగూడ రోడ్ల మీద ట్రాక్టర్లదే రాజ్యం. సాగర్ ఎడమ కాల్వ కింద కోసిన సన్నవడ్లు పచ్చిపచ్చిగానే మిల్లుల ముందు బారులు తీరతాయి. 2020 వానాకాలం పంటకైతే ఆ రద్దీ తట్టుకోలేక రైతులకు టోకెన్లిచ్చి మరీ ట్రాక్టర్లను పంపాల్సి వచ్చింది. ఆ వడ్లు బియ్యమై బస్తాలకెక్కుతాయి. బస్తా మీద నెమలి బొమ్మో దేవుడి బొమ్మో ఉంటుంది. మిల్లు పేరు ఉంటుంది. ఆ వరి రకం పురుడు పోసుకున్న పరిశోధన కేంద్రం పేరు మాత్రం వెతికినా కనిపించదు.

బీపీటీ 5204నే తీసుకోండి. మనం ముద్దుగా సాంబ మసూరి అంటాం. 1986లో బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి బయటికొచ్చింది. దాని మీద ఎందరు మిల్లర్లు, ఎందరు విత్తన వ్యాపారులు, ఎన్ని బ్రాండ్లు బతికాయో లెక్క తీయడం కష్టం. బాపట్లకు దక్కింది మాత్రం పేరే. అదీ, తెలిసినవాళ్లు తలుచుకుంటేనే!

తప్పు ఎవరిదీ కాదు. అప్పట్లో మన దేశంలో పంట రకాలకు రక్షణ ఇచ్చే చట్టమే లేదు. 2001లో ఆ చట్టం వచ్చింది. 2005లో దానికో అథారిటీ ఏర్పడింది. ఆ తర్వాతే విశ్వవిద్యాలయాల్లో ఓ కొత్త ప్రశ్న తలెత్తింది... ‘మనం తయారుచేసినదాన్ని ఎవరికివ్వాలి? ఎంతకివ్వాలి? అసలు డబ్బు తీసుకోవచ్చా?’

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడమే ఓ ఉద్యోగం. టెక్నాలజీ లైసెన్సింగ్ అధికారి అనండి, ఇంక్యుబేటర్ సీఈఓ అనండి, పని ఇంచుమించు అదే.

పేపరు చదివిన ఇంజనీరు

ఈ ఉద్యోగానికి పెద్దన్న అమెరికాలో ఉన్నాడు. పేరు నీల్స్ రైమర్స్. చదివింది ఇంజనీరింగ్. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కాంట్రాక్టుల కాగితాలు చూసేవాడు. అక్కడి ప్రొఫెసర్ల ఆవిష్కరణల్లో చాలామటుకు అల్మరాల్లోనే ఉండిపోతున్నాయని గమనించి, 1970లో లైసెన్సింగ్ ఆఫీసు తెరిపించాడు. 1974లో ఓరోజు న్యూయార్క్ టైమ్స్‌లో ఓ వార్త ఆయన కంటబడింది. ఓ జీవి జన్యువును తెచ్చి మరో జీవిలో అతికించే పద్ధతి గురించి. చేసింది తమ స్టాన్లీ కోహెనూ, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలోని హెర్బర్ట్ బోయరూ. ‘పేటెంట్ తీసుకుందాం’ అంటే కోహెన్ మొదట ఒప్పుకోలేదు. ఇలాంటి విజ్ఞానం అందరి సొత్తు కదా అన్నది ఆయన శంక.

రైమర్స్ తెలివంతా ఇక్కడే ఉంది. పేటెంట్ తీసుకున్నాడు కానీ ఒక్క కంపెనీకే కట్టబెట్టలేదు. అడిగినవాళ్లందరికీ ఇచ్చాడు. మొదట్లో చేరినవాళ్లకు ప్రవేశ రుసుము పదివేల డాలర్లే. 1997లో గడువు ముగిసేనాటికి 468 కంపెనీలు లైసెన్సు తీసుకున్నాయి. రెండు విశ్వవిద్యాలయాలకూ కలిపి వచ్చింది సుమారు 25 కోట్ల డాలర్లు. బయోటెక్నాలజీ పరిశ్రమ మొత్తం ఆ తలుపులోంచే నడిచి వచ్చిందంటారు.

అదే స్టాన్‌ఫర్డ్ తన విద్యార్థులు రాసిన వెతుకులాట సూత్రాన్ని గూగుల్‌కు లైసెన్సు ఇచ్చినప్పుడు నగదుకు బదులు ఎక్కువగా వాటాలు పుచ్చుకుంది. వాటిని అమ్ముకుంటే 33 కోట్ల డాలర్లకు పైగా వచ్చాయి.

ఈ కథలు వింటే నోరూరడం సహజం. కానీ ఇలాంటి జాక్‌పాట్లు వేళ్ల మీద లెక్కపెట్టాల్సినన్నే. అమెరికాలోనూ చాలా విశ్వవిద్యాలయాల లైసెన్సింగ్ ఆఫీసులకు ఖర్చులు రావడమే గగనం. డబ్బుల చెట్టు అనుకుని ఈ కుర్చీలో కూర్చుంటే నిరాశ తప్పదు.

రైతు ఇంటి గాదె... లైసెన్సు అడగదు

మళ్లీ మన వరిమడిలోకి వద్దాం. భారత పేటెంట్ చట్టం సెక్షన్ 3(జె) ప్రకారం మొక్కలకూ విత్తనాలకూ పేటెంట్ ఇవ్వరు. కొత్త రకం మీద హక్కు కావాలంటే 2001 చట్టం కింద నమోదు చేయించుకోవాలి. వరిలాంటి పంటలకు ఆ రక్షణ పదిహేనేళ్లు. అయితే అదే చట్టంలోని 39వ సెక్షన్ రైతుకు ఓ అపురూపమైన వెసులుబాటు ఇచ్చింది. తన పొలంలో పండిన విత్తనాన్ని దాచుకోవచ్చు, మళ్లీ చల్లుకోవచ్చు, పక్క రైతుతో మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. బ్రాండు వేసి అమ్మకూడదు, అంతే.

అంటే హుజూర్‌నగర్ రైతు గాదెలోని విత్తనాన్ని ఏ కంపెనీ కాగితమూ ఆపలేదు. కానీ ఏటా కొత్త సంచి కొనుక్కునే రైతు సంగతి వేరు. విశ్వవిద్యాలయం తన రకాన్ని ఒకే కంపెనీకి రాసిచ్చేస్తే సంచి ధర ఆ కంపెనీ చెప్పిందే. పదిమందికి ఇస్తే పోటీ ఉంటుంది. అయితే ఏ ఒక్కరూ దాన్ని భుజాన వేసుకుని ప్రచారం చెయ్యరు. ఏది మేలు? లైసెన్సింగ్ పెద్ద తీసుకునే ఈ ఒక్క నిర్ణయం మీద వేల ఎకరాల పెట్టుబడి ఆధారపడి ఉంటుంది. ప్రజల పన్నులతో పుట్టిన ప్రధాన ఆహారపంట అయితే పదిమందికి ఇవ్వడమే న్యాయం. యంత్రమో మందో అయితే, దాన్ని మార్కెట్‌కు తేవడానికి కోట్లు పెట్టాల్సి వస్తే, కొన్నేళ్లపాటు ఒక్కరికే ఇవ్వడంలో తప్పులేదు.

2015లో రాజేంద్రనగర్ నుంచి విడుదలైన తెలంగాణ సోనా ఇందుకు మంచి ఉదాహరణ. అసలు పేరు ఆర్ఎన్ఆర్ 15048. ఎంటీయూ 1010, జేజీఎల్ 3855 దాని తల్లిదండ్రులు. పంటకాలం 125 రోజులు. అన్నం తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే గ్లైసిమిక్ ఇండెక్స్ దీనికి 51 చిల్లర. 55 లోపు ఉంటే తక్కువ కిందే లెక్క. షుగర్ వ్యాధి ఇంటింటా తిష్టవేసిన రోజుల్లో ఇంతకంటే అమ్ముడుపోయే గుణం ఏముంటుంది? అయినా ఐదేళ్లపాటు అది మామూలు సన్నబియ్యంలోనే కలిసిపోయింది. 2020లో జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్‌తో చేయి కలిపింది, దీన్నో బ్రాండ్‌గా నిలబెట్టడం కోసం. విత్తనం కట్టినవాళ్లకు బ్రాండు కట్టడం రాదని ఒప్పుకోవడం కూడా నాయకత్వమే మరి!

రాజేంద్రనగర్ దారిలో...

ఈ రంగంలో పెద్ద కుర్చీలు ఎక్కడున్నాయి? చాలావరకు హైదరాబాద్ చుట్టూనే. పటాన్‌చెరు ఇక్రిశాట్ 2003లోనే వ్యవసాయ వ్యాపార ఇంక్యుబేటర్ పెట్టింది. రాజేంద్రనగర్‌లోని నార్మ్‌లో ‘ఎ-ఐడియా’ ఉంది. జయశంకర్ విశ్వవిద్యాలయంలో 2021 నుంచి నాబార్డు అండతో ‘అగ్‌హబ్’ నడుస్తోంది. గ్రామాలకు దగ్గరగా ఉండాలని జగిత్యాల, వరంగల్, వికారాబాద్‌లలో కేంద్రాలు పెట్టుకుంది. ట్రిపుల్ ఐటీలో 2008 నుంచి సీఐఈ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఆస్పైర్... జాబితా పెద్దదే.

నిజానికి ఇంక్యుబేటర్ అన్న మాట మనకు తెలియని రోజుల్లోనే ఆ పని జరిగింది. 1993లో వరప్రసాదరెడ్డి శాంతా బయోటెక్నిక్స్ పెట్టినప్పుడు పరిశోధనకు చోటిచ్చింది ఉస్మానియా విశ్వవిద్యాలయం సూక్ష్మజీవశాస్త్ర విభాగం. తర్వాత సీసీఎంబీ ఆశ్రయమిచ్చింది. 1997లో దేశీయ హెపటైటిస్-బి టీకా వచ్చింది. సామాన్యుడి చేతికందని టీకా ధర నేలకు దిగింది. ఆనాడు ఆ గదులు ఇవ్వడానికి నిబంధనల పుస్తకం లేదు. ఇచ్చిన పెద్దల చొరవే నిబంధన. ఇప్పుడు పుస్తకాలకు కొదవ లేదు. వ్యవసాయ పరిశోధన మండలి 2006లోనే మార్గదర్శకాలు ఇచ్చింది, 2011లో అగ్రిన్నొవేట్ అని ఓ కంపెనీనే పెట్టింది. కేంద్రం 2008లో అమెరికా చట్టం తరహాలో ఓ బిల్లు రాజ్యసభలో పెట్టి, విమర్శలు వచ్చాక 2014లో వెనక్కి తీసుకుంది. కాబట్టి ఏ విశ్వవిద్యాలయం నియమాలు దానివే.

కోదాడ ప్రాజెక్టులు ఎక్కడికెళ్తున్నాయి?

జాతీయ రహదారి మీద ఆంధ్రా సరిహద్దున ఉన్న కోదాడ చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలకు లోటు లేదు. ఏటా చివరి సంవత్సరం పిల్లలు ప్రాజెక్టులు చేస్తారు. మోటారు తనంతట తనే ఆగేలా సెన్సర్లు, కలుపుతీసే బండ్లు, ధాన్యం తేమ కొలిచే పరికరాలు... కొన్ని అమీర్‌పేటలో కొనుక్కొచ్చినవేననుకోండి! నిజంగా చేసినవీ ఉంటాయి. మార్కులు పడ్డాక అవి అటకెక్కుతాయి.

2018 నుంచి కేంద్ర విద్యాశాఖ కాలేజీల్లో ఇన్నొవేషన్ కౌన్సిళ్లు పెట్టిస్తోంది. 2021 నుంచి విద్యాసంస్థలకు పేటెంట్ ఫీజులో 80 శాతం తగ్గింపు ఉంది. ఫలితంగా దరఖాస్తుల వాన కురుస్తోంది. దరఖాస్తు వేరు, ప్రచురణ వేరు, మంజూరు వేరు. మంజూరైనదాన్ని ఎవరైనా డబ్బిచ్చి వాడుకోవడం ఇంకా వేరు. గుర్తింపు మార్కుల కోసం మొదటి మెట్టు దగ్గరే ఫొటో దిగే కాలేజీలు ఈ నాలుగో మెట్టు ఊసెత్తవు. ఇంకో తిరకాసు కూడా ఉంది. కుర్రాడు ఉత్సాహం కొద్దీ ముందు జర్నల్లో పేపరు వేసేసి తర్వాత పేటెంట్‌కు వెళ్తే కొత్తదనం పోయిందంటారు. ముందు దరఖాస్తు, తర్వాత పేపరు. ఈ ఒక్క ముక్క చెప్పేవాళ్లు లేక ఎన్నో మంచి పనులు చేజారిపోతాయి.

ఆ ముక్క చెప్పే మనిషి కావాలంటే దారి ఇదీ... సైన్సు లేదా ఇంజనీరింగ్ డిగ్రీ ఉన్న భారతీయులు 21 ఏళ్లు నిండితే పేటెంట్ ఏజెంటు పరీక్ష రాయొచ్చు. రెండు పేపర్లు, ఓ మౌఖిక పరీక్ష. ప్రతి పేపర్లో సగం, మొత్తం మీద 60 శాతం మార్కులు రావాలి. నల్సార్‌లో పేటెంట్ చట్టం మీద దూరవిద్య డిప్లొమా ఉంది. అనుభవం వచ్చాక ఆర్టీటీపీ అనే అంతర్జాతీయ గుర్తింపుకు వెళ్లొచ్చు. పట్టాలు లోపలికి పంపుతాయి. కానీ పై కుర్చీ ఎక్కించేది మాత్రం బేరం కుదిర్చిన చరిత్రే. శాస్త్రవేత్త భాషా, లాయరు భాషా, మిల్లరు భాషా మూడూ రావాలి. మూడోది ఏ కాలేజీలోనూ చెప్పరు. సూర్యాపేట మార్కెట్ యార్డులో తండ్రి వెంట ధాన్యం రాశి దగ్గర కూర్చున్నవాడికి అది ఉగ్గుపాలతోనే వచ్చేసి ఉంటుంది.

విశ్వవిద్యాలయం గడప తొక్కనివాళ్లకూ పేరయ్య అవసరమే. ఉమ్మడి నల్గొండ జిల్లా శారాజీపేట నేతకారుడు చింతకింది మల్లేశం తల్లి చేతినొప్పి చూడలేక లక్ష్మీ ఆసుయంత్రం తయారుచేశాడు. 2017లో పద్మశ్రీ వరించింది. అలాంటివాళ్లను ఊరూరా నడిచి వెతికిన మనిషి రిటైర్డ్ బ్రిగేడియర్ పోగుల గణేశం. ఆయన ‘పల్లెసృజన’ వెలికితీసిన ఆవిష్కర్తలు ఎందరో. సైన్యం నుంచి వచ్చిన మనిషి పేటెంట్ల పేరయ్య అయ్యాడంటే, ఈ కొలువుకు ఫలానా చదువే కావాలన్న పట్టింపు లేదన్నమాట.

బూడిదలో సంపద

మిర్యాలగూడ మిల్లుల్లో ఆడిన ప్రతి క్వింటా వడ్లకూ సుమారు 20 కిలోల ఊక వస్తుంది. దాన్ని బాయిలర్లో మండిస్తే నాలుగు కిలోల బూడిద. ఆ బూడిద గాల్లో ఎగిరి కళ్లలో పడుతుంది, ఆరేసిన బట్టల మీద వాలుతుంది. ఎక్కడ పోయాలో తెలియక మిల్లర్లు తల పట్టుకుంటారు. కానీ అందులో దాదాపు 85 నుంచి 90 శాతం సిలికా. టైర్లకూ రబ్బరుకూ పనికొచ్చే సరుకు. బూడిద నుంచి సిలికా తీసే పద్ధతిని బెంగళూరు ఐఐఎస్సీ చాలా ఏళ్ల కిందటే రూపొందించింది. కాంక్రీటులోనూ ఈ బూడిద కలపొచ్చు. హుజూర్‌నగర్, మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలు వరసగా ఉన్నాయి.

అంటే సరుకు ఉంది, పద్ధతి ఉంది, కొనేవాళ్లూ కూతవేటు దూరంలో ఉన్నారు. ఈ ముగ్గుర్నీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టేవాడు ముందు మిల్లు మిల్లూ తిరగాలి. ఏ బాయిలర్ ఎంత వేడి మీద మండుతోంది, బూడిద నల్లగా వస్తోందా తెల్లగా వస్తోందా, బాయిల్డ్ బియ్యం ఆడని నెలల్లో ఎంత తగ్గుతుంది, లారీ కిరాయి ఎంత పడుతుంది... అన్నీ రాసుకోవాలి. నల్లబూడిదలో కర్బనం ఎక్కువ, దానికో ధర. తెల్లబూడిదకు ఇంకో ధర. ఆ నోటుబుక్కు పట్టుకుని వెళ్తే ల్యాబు తలుపు తడితే తెరుచుకుంటుంది.