ముక్కులో కండలు: ఆపరేషనుకు ముందు, ఆ తర్వాత

“ముక్కులో కండ పెరిగిందన్నారు. ఆపరేషను చేయించుకోమంటున్నారు. చేయించుకున్నా మళ్ళీ పెరుగుతుందట కదా డాక్టరుగారూ! ఆ మాత్రం దానికి ఎందుకీ అవస్థ?”

ఆసుపత్రిలో ఈ ప్రశ్న వినని వారం ఉండదు. మళ్ళీ పెరిగే మాట నిజమే. చాలామందిలో కొన్ని నెలలకో, కొన్నేళ్ళకో తిరిగి వస్తాయి. అంతమాత్రాన ఆపరేషను దండగ అనుకోవడం పొరపాటు. కాలువలో పూడిక తీయడం లాంటిది ఇది. పూడిక తీశాక ఆ దారిన నీళ్ళు పారకపోతే గుర్రపుడెక్క మళ్ళీ అల్లుకుంటుంది. ముక్కులోనూ అంతే. ఆపరేషను దారి ఏర్పరుస్తుంది. ఆ దారిన రోజూ ఉప్పునీళ్ళు, మందు లోపలికి వెళ్ళాలి. గాలి బాగా ఆడుతోంది కదా అని మందు మూల పెట్టేసిన వాళ్ళే ఎక్కువగా మళ్ళీ మా దగ్గరికి వస్తారు.

అసలు ఈ కండలేమిటి?

ముక్కు చుట్టూ ఎముకల్లో నాలుగు జతల గాలి గదులున్నాయి. చెంపల్లో, నుదుట్లో, రెండు కళ్ళ నడుమ, ఇంకా లోపల వెనుక భాగంలో. వీటినే సైనస్‌లంటారు. వీటి లోపలి పొర ఏళ్ళ తరబడి వాచి, నీరు పట్టి, గుత్తులుగా కిందికి జారుతుంది. డాక్టర్లు వీటిని పాలిప్‌లంటారు. చూడడానికి తొక్క తీసిన ద్రాక్షపండులాగానో, లేత తాటిముంజలాగానో ఉంటాయి. ముట్టుకుంటే నొప్పి ఉండదు. ఇవి కాన్సరు కావు.

ఇక్కడొక చిన్న మాట. అద్దం ముందు నిలబడి టార్చిలైటు వేసుకుని, ముక్కులో ఎర్రగా ఏదో కనిపించగానే “కండ పెరిగింది” అని కంగారుపడేవాళ్ళు ఎందరో. మీకు కనిపించింది చాలావరకు ముక్కు పక్కగోడకు పుట్టుకతోనే ఉండే మామూలు కండ. అది అందరికీ ఉంటుంది. జలుబు చేస్తే వాస్తుంది, తగ్గితే మామూలవుతుంది. తేల్చవలసింది ఎండోస్కోపుతో చూసిన డాక్టరే.

పాలిప్‌లున్న మనిషికి రెండు ముక్కులూ దిబ్బడ వేసి ఉంటాయి. నోటితో గాలి పీలుస్తాడు. గొంతులోకి చీమిడి జారుతూ ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, వాసన తెలియదు. ఇంగువ పోపు వాసన రాదు, కాఫీ చప్పగా ఉంటుంది. ఇదేదో రుచికి సంబంధించిన చిన్న లోటని తీసిపారేయకండి. పొయ్యి మీద పాలు మాడినా, గ్యాసు లీకైనా తెలియని మనిషి వంటింట్లో ఒంటరిగా ఉండడం ప్రమాదం.

ఒకవైపు మాత్రమే కండ ఉన్నా, దాని నుంచి రక్తం కారుతున్నా, పసిపిల్లల ముక్కులో కనిపించినా సంగతి వేరు. వెంటనే పెద్దాసుపత్రిలో చూపించాలి. చెరువుల్లో, గుంటల్లో స్నానం చేసే అలవాటున్న ప్రాంతాల్లో రైనోస్పోరిడియోసిస్ అనే జబ్బు కూడా కండలాగే ఉంటుంది. ఎర్రగా, పైన తెల్లటి చుక్కలతో ఉండి, తాకితే చాలు రక్తం కారుతుంది. పిల్లల్లో మెదడు పొరే కిందికి జారి కండలా కనిపించవచ్చు. అందుకే సంతలో పసరు పోసి, తీగతో లాగి కండ తీస్తామనేవాళ్ళ చేతికి ముక్కు అప్పగించకండి.

ముందు మందులు, తర్వాతే ఆపరేషను

పాలిప్ అనగానే ఆపరేషను కాదు. ముందు కొన్ని వారాలు స్టెరాయిడ్ స్ప్రే వాడతాం. అవసరమైతే కొద్దిరోజులు స్టెరాయిడ్ మాత్రలు ఇస్తాం. ఈ మాత్రలు వేసుకోగానే వాసన వస్తుంది, ముక్కు తెరుచుకుంటుంది. మనిషి మురిసిపోయి, నెల తిరక్కుండా అదే చీటీతో మెడికల్ షాపుకు వెళ్ళి మళ్ళీ కొనుక్కుంటాడు. అది చాలా చెడ్డ అలవాటు. షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. దిబ్బడ తీసే జైలోమెటజోలిన్, ఆక్సీమెటజోలిన్ చుక్కలు కూడా అయిదారు రోజులకు మించి వాడితే దిబ్బడ రెట్టింపవుతుంది.

మందులతో లొంగనప్పుడు సి.టి. స్కాన్ తీయించి ఆపరేషను నిర్ణయిస్తాం. హైదరాబాద్ కోఠిలోనూ, విశాఖపట్నంలోనూ ఇందుకు ప్రత్యేకంగా ప్రభుత్వ ఈ.ఎన్.టి. ఆసుపత్రులున్నాయి. వైద్య కళాశాలల ఆసుపత్రుల్లోనూ ఈ విభాగం ఉంటుంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ మీ ఆపరేషనుకు వర్తిస్తుందేమో ఆ కౌంటరులో ముందే కనుక్కోండి.

తలనొప్పి మాత్రతో ప్రాణం మీదికి

పాలిప్‌లున్న కొందరికి ఉబ్బసం కూడా ఉంటుంది. వాళ్ళలో కొందరికి ఆస్పిరిన్ పడదు. తలనొప్పికో, కీళ్ళ నొప్పికో ఒక మాత్ర వేసుకుంటారు. గంటా రెండు గంటల్లో ముక్కు కారుతుంది, కళ్ళెర్రబడతాయి, ఆయాసం ముంచుకొస్తుంది. ఒక్కోసారి ఊపిరి ఆగేదాకా వెళుతుంది. ఈ మూడింటి సంబంధాన్ని 1922లో ఫ్రాన్స్‌లో విడాల్ అనే వైద్యుడు, ఆయన సహచరులు వర్ణించారు. మన ఇళ్ళల్లో జ్వరం రాగానే చేయించే విడాల్ టెస్టు ఆ విడాల్ పేరు మీదే వచ్చింది. ఆ తర్వాత 1968లో అమెరికాలో సామ్టర్, బీర్స్ దీన్ని వివరంగా రాయడంతో డాక్టర్లందరికీ తెలిసింది.

ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు, సూదులు కూడా వీరికి ఆస్పిరిన్‌లాగే పనిచేస్తాయి. అందుచేత మాత్ర వేసుకున్నాక ఎప్పుడైనా ఆయాసం వచ్చి ఉంటే ఆ సంగతి ఆపరేషను డాక్టరుకు, మత్తుమందు డాక్టరుకు, చివరికి సూది వేసే నర్సుకు కూడా చెప్పండి. ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నా మంచిదే. వీరికే పాలిప్‌లు ఎక్కువగా, త్వరగా తిరిగి వస్తాయి కూడా.

ఆపరేషనుకు ముందు ఉబ్బసం అదుపులో ఉండాలి. ఇన్‌హేలరు మానకూడదు. ఆపరేషను రోజున వెంట తెచ్చుకోవాలి. బి.పి. అదుపులో లేకపోతే లోపల రక్తం ఎక్కువగా కారి, సర్జనుకు దారి కనిపించదు. సిగరెట్టు, చుట్ట, బీడీ కొన్ని వారాల ముందే మానాలి.

రక్తం పలుచబడే మందులు వారం పది రోజుల ముందు ఆపిస్తారు. కానీ గుండెలో స్టెంటు వేయించుకున్నవాళ్ళు, పక్షవాతం వచ్చినవాళ్ళు తమంతట తాము ఆపకూడదు. గుండె డాక్టరు, ముక్కు డాక్టరు మాట్లాడుకుని నిర్ణయించాలి. చేపనూనె, వెల్లుల్లి గొట్టాలు, విటమిన్ ఇ, నాటుమందులు వాడుతుంటే అదీ దాచకండి.

ఆడవాళ్ళకు ఒక సూచన. ముక్కుపుడక తీసేయాలి. ఏళ్ళ తరబడి తీయని పుడక బిగుసుకుపోయి ఉంటుంది. నాలుగు రోజుల ముందే తీయించుకోండి. మంగళసూత్రం తీయమంటే పెద్దవాళ్ళు నొచ్చుకుంటారు, నాకు తెలుసు. కరెంటు పరికరాలు వాడేచోట ఒంటి మీద లోహం ఉండకూడదు. పసుపుతాడు కట్టుకుని బంగారం ఇంట్లో భద్రపరచండి.

ముహూర్తం చూసుకుంటామంటే నేను కాదనను. కానీ ముహూర్తానికి జ్వరమో, కొత్తగా జలుబో, పిల్లికూతలో ఉంటే వాయిదా వేయక తప్పదు.

ఆపరేషనుకు ఆరు గంటల ముందు నుంచి ఏమీ తినకూడదు. “కాస్త కాఫీయే కదా” అంటారు. పాలు కలిసిన కాఫీ అన్నం కిందే లెక్క. మత్తులో వాంతి అయి ఊపిరితిత్తుల్లోకి వెళితే ప్రాణాపాయం. మంచినీళ్ళు మాత్రం రెండు గంటల ముందు వరకు సాధారణంగా అనుమతిస్తారు. ఏ మందులు వేసుకురావాలో కూడా అడిగి తెలుసుకోండి.

లోపల ఏం జరుగుతుంది?

మీ బాబాయికో, మేనమామకో పై పెదవి ఎత్తి చిగురు కోసి, చెంప ఎముకకు రంధ్రం పెట్టిన కథ మీరు విని ఉంటారు. అది పాత పద్ధతి. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో మెసర్‌క్లింగర్ ఎండోస్కోపుతో ముక్కు లోపలి దారులను ఏళ్ళ తరబడి పరిశీలించి 1978లో పుస్తకం రాశారు. ఆ బాటలోనే ఇప్పటి ఆపరేషను వచ్చింది. పెన్సిలు కంటే సన్నటి, నాలుగు మిల్లీమీటర్ల గొట్టాన్ని ముక్కులోంచే పంపి, టీ.వీ. తెర మీద చూస్తూ కండలు తీసి, గాలి గదుల తలుపులు తెరుస్తారు. పైన కోత, కుట్టు ఉండవు. పూర్తి మత్తు ఇస్తారు. గంట నుంచి రెండు గంటలు పట్టవచ్చు.

2021లో కోవిడ్ తర్వాత బ్లాక్ ఫంగస్ వచ్చినవాళ్ళను కోఠి ఆసుపత్రికి తరలించిన రోజులు గుర్తున్నవాళ్ళు “సైనస్ ఆపరేషను” అంటేనే హడలిపోతారు. కన్ను తీసేస్తారేమోనని అడుగుతారు. ఆ జబ్బు వేరు, ఇది వేరు. అయితే సైనస్‌లకు ఒకపక్క కన్ను, పైన మెదడు పొర ఉన్న మాట నిజం. వాటికి దెబ్బ తగలడం చాలా అరుదు. అది తప్పించడానికే ముందుగా స్కాన్ తీసేది.

ఇంటికి వచ్చాక

ముక్కులో దూది పెడితే ఒకటి రెండు రోజుల్లో తీస్తారు. తీసేటప్పుడు ఇబ్బందిగా ఉంటుంది, ఒక్క నిమిషం. అప్పటిదాకా నోటితోనే గాలి పీల్చాలి. నోరు ఎండిపోతుంది. గుక్కెడు గుక్కెడు నీళ్ళు తాగండి. వారం రోజులు రక్తం చారలతో చీమిడి కారడం మామూలే. రెండు దిండ్లు వేసుకుని తల ఎత్తుగా పడుకోండి. నొప్పికి పారాసెటమాల్ చాలు.

పది పదిహేను రోజులు ముక్కు చీదకూడదు. తుమ్ము వస్తే ఆపుకోకుండా నోరు తెరిచి తుమ్మండి. వంగి బిందెలెత్తడం, ముక్కి విరేచనానికి వెళ్ళడం, మండే ఎండలో తిరగడం, తల మీద వేణ్ణీళ్ళు పోసుకోవడం కూడదు. ఆవిరి పట్టడం, ముక్కులో బామ్ రాసుకోవడం, నూనె చుక్కలు వేయడం కూడా వద్దు. పక్కులు కడితే వేలు పెట్టి లాగకండి.

ఇంట్లో మగవాళ్ళకు చెబుతున్నాను. ఆపరేషనైన ఇల్లాలిని మూడో రోజే పొయ్యి దగ్గరికి పంపకండి. ఎండుమిరపకాయల పోపు ఘాటుకు వచ్చే వరుస తుమ్ములు మానుతున్న పుండును రేపుతాయి. రెండు వారాలు వంట, బూజు దులపడం, బియ్యం చెరగడం ఇంకొకరు చూసుకోవాలి. మిరపయార్డులో, రైసుమిల్లులో పనిచేసేవాళ్ళకూ అంతే సెలవు కావాలి. కూర్చుని చేసే ఉద్యోగమైతే వారం పది రోజులకు వెళ్ళవచ్చు.

డాక్టరు చెప్పిన రోజు నుంచి ఉప్పునీళ్ళతో ముక్కు కడగాలి. యోగంలో జలనేతి అనేది ఇలాంటిదే. అరలీటరు నీటిలో ఒక టీస్పూను ఉప్పు, చిటికెడు వంటసోడా కలపండి. అయోడిన్ లేని ఉప్పైతే మంట తక్కువ. నీళ్ళు తెర్లేలా కాచి, గోరువెచ్చగా చల్లార్చినవే కావాలి. కుళాయినీళ్ళు, బావినీళ్ళు తిన్నగా వాడవద్దు. ఫిల్టరునీళ్ళైనా కాచాల్సిందే. నీళ్ళలోని ఒకరకం అమీబా ముక్కులోంచి మెదడుకు వెళితే బతకడం కష్టం. కేరళలో 2024లోనూ, 2025లోనూ ఇలాంటి జబ్బు పత్రికల్లో చదివే ఉంటారు. సింకు మీద ముందుకు వంగి, నోరు తెరిచి ఒక ముక్కులో పోస్తే రెండో ముక్కులోంచి వస్తుంది. వాడే సీసాను కడిగి ఆరబెట్టండి.

కడిగిన కాసేపటికి స్ప్రే. స్టెరాయిడ్ అనగానే భయపడకండి. మొమెటాసోన్, ఫ్లూటికాసోన్ లాంటివి ముక్కులోనే పనిచేస్తాయి, ఒంట్లోకి చేరేది బహు స్వల్పం. తల కొంచెం ముందుకు వంచి, కుడి ముక్కులోకి ఎడమ చేత్తో, ఎడమ ముక్కులోకి కుడి చేత్తో కొట్టండి. మొన చెవి వైపు ఉండాలి. నడుమ గోడకు కొడితే పుండు పడి రక్తం వస్తుంది. గట్టిగా ఎగపీల్చితే మందు గొంతులోకి పోతుంది. బి.పి. మాత్రలాగా దీన్ని నెలలు, ఏళ్ళు వాడాలి. ఎప్పుడు తగ్గించాలో డాక్టరు చెబుతారు.

వాసన వెంటనే రాకపోతే నిరాశపడకండి. కొందరికి వారాలు, కొందరికి నెలలు పడుతుంది. ఏళ్ళ తరబడి పోయినవాళ్ళలో కొందరికి పూర్తిగా రాకపోవచ్చు. అలాంటి ఇళ్ళల్లో గ్యాసు లీకైతే కూతపెట్టే పరికరం పెట్టుకోవడం మేలు.

మళ్ళీ మళ్ళీ పెరిగేవాళ్ళకు ఇప్పుడు సూదిమందులున్నాయి. డుపిలుమాబ్ అనే మందును పాలిప్‌లకు 2019లో అమెరికాలో అనుమతించారు. ఖరీదు చాలా ఎక్కువ. సామాన్య కుటుంబానికి స్ప్రే, ఉప్పునీళ్ళే ఆధారం.

ఈ కింది లక్షణాలు కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకండి. కన్ను వాచడం, చూపు మసకబారడం, ఒకటి రెండుగా కనిపించడం. వంగినప్పుడు ఒక ముక్కులోంచి నీళ్ళలాంటి ఉప్పటి ద్రవం బొట్లుబొట్లుగా కారడం. తీవ్రమైన తలనొప్పి, మెడ బిగుసుకోవడం, జ్వరం. ఎర్రటి రక్తం కారితే ముందుకు వంగి కూర్చుని, ముక్కు మెత్తటి భాగాన్ని రెండు వేళ్ళతో పది నిమిషాలు వదలకుండా నొక్కిపట్టండి. గొంతులోకి జారిన రక్తం మింగకుండా ఉమ్మేయండి. అప్పటికీ ఆగకపోతే ఆసుపత్రికి బయల్దేరండి. స్కాన్ ఫిల్ములు, డిశ్చార్జి కాగితం వెంట తీసుకువెళ్ళండి. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరు మీకు ఆపరేషను చేసినవారు కాకపోవచ్చు.