హోల్ సెల్ బయోక్యాటలిసిస్

రసాయన చర్యలకు ఉత్ప్రేరకంగా లోహాలకు బదులు సూక్ష్మజీవి కణాన్నే యథాతథంగా వాడే పద్ధతి ఇది. కణంలోని ఎంజైమును విడదీసి శుద్ధి చేసే ఖర్చు తప్పుతుంది.

ఉత్తరాంధ్రకు ఈ పని కొత్తేం కాదు. విజయనగరం జిల్లా సంకిలిలో చెరకు నుంచి ఆల్కహాలు తీసేది ఈస్టే. అదే ఈస్టు మందులూ చేస్తుంది. బాదం వాసన వేసే బెంజాల్డిహైడును అందిస్తే, చక్కెర నుంచి తాను పుట్టించే పైరువేటుతో కలిపి ఎల్‌-పీఏసీ (ఫినైల్ అసిటైల్ కార్బినాల్)గా మారుస్తుంది. దాని నుంచి ఎఫెడ్రిన్ అనే మందు వస్తుంది. బెర్లిన్‌లో న్యూబర్గ్, హిర్ష్ 1921లోనే ఈ చర్యను గుర్తించారు. నెల్లూరు జిల్లాలో క్రెబ్స్ బయోకెమికల్స్ ఎఫెడ్రిన్‌ను ఈస్టు దారిలోనే తయారుచేసింది.

చిక్కల్లా బెంజాల్డిహైడు ఈస్టుకు విషం కావడమే. అందుకే కొద్దికొద్దిగా పోస్తారు.

జపాన్‌లో నిట్టో కంపెనీ 1985లో బాక్టీరియా కణాలతో అక్రిలమైడ్ చేయడం మొదలుపెట్టింది. రాగి ఉత్ప్రేరకం, అధిక వేడి అక్కర్లేదు. మందుల పరిశ్రమలున్న పైడిభీమవరం లాంటి చోట్లకు ఇలాంటి పద్ధతులు తప్పక రావాలి.