టిగ్ టార్చికి సొంత నీళ్ల కూలర్: అపోహలు – వాస్తవాలు

అనకాపల్లి పేరెత్తితే బయటివాళ్లు బెల్లం గురించే అడుగుతారు. పరవాడ ఫార్మాసిటీ, అచ్యుతాపురం సెజ్ కూడా ఈ జిల్లాలోనే ఉన్నాయి. మందుల ఫ్యాక్టరీ అంటేనే స్టెయిన్‌లెస్ స్టీలు పైపులు, ట్యాంకులు. వాటిని అతికేది టిగ్ వెల్డింగ్. షెడ్లలో అందరూ ఆర్గాన్ వెల్డింగ్ అంటారు. చేత్తో మోసుకెళ్లే ఇన్వర్టర్ మెషిన్లు అందుబాటులోకి వచ్చాక చిన్న షెడ్డు పెట్టుకున్న కుర్రాళ్లు కూడా ఈ పని చేపడుతున్నారు. టార్చి చేతిలో నిలవనంత వేడెక్కినప్పుడు నీళ్ల కూలర్ మీదికి మనసు పోతుంది. కొనేది ఖరీదు కాబట్టి సొంతంగా కట్టుకోవాలనుకోవడం మంచి ఆలోచనే. కట్టుకోండనే నేనూ అంటాను. చల్లదనం మీద ఉన్న కొన్ని నమ్మకాలను మాత్రం ముందు వదులుకోవాలి.

అపోహ: నీళ్ల కూలర్ పెడితే మెషిన్ ఎక్కువసేపు ఆడుతుంది.

నీళ్లు వెళ్లేది టార్చిలోకి. మెషిన్ లోపలి భాగాలను చల్లబరిచేది దాని సొంత ఫ్యానే. 200 ఆంపియర్ల దగ్గర 60 శాతం డ్యూటీ సైకిల్ అని రాసి ఉంటే, పది నిమిషాల్లో ఆరు నిమిషాలు కాల్చి నాలుగు నిమిషాలు ఆపాలని అర్థం. కూలర్ పెట్టినా ఆ లెక్క మారదు. పైగా ఆ అంకె మామూలుగా 40 డిగ్రీల గాలిని దృష్టిలో పెట్టుకుని ఇచ్చింది. మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులో అంతకు మించే ఉంటుంది. ఆ రోజుల్లో మెషిన్‌కు కావలసింది గాలి తగిలే చోటు, దుమ్ము దులిపిన ఫ్యాను.

అపోహ: ఆర్గాన్ చేసే ప్రతివాడికీ కూలర్ ఉండాల్సిందే.

1.6 మిల్లీమీటర్ల మందం ఉన్న స్టీలు పైపుకు 100 ఆంపియర్ల లోపే సరిపోతుంది. గాలితో చల్లబడే డబ్ల్యూపీ-17 టార్చి 150 ఆంపియర్ల దాకా, 26 నంబరుది 200 దాకా పనికొస్తాయి. రెయిలింగులు, సన్న పైపులు చేసేవాళ్లు ఆ డబ్బు మంచి రెగ్యులేటర్ మీద పెట్టడం మేలు. ఏసీ మీద అల్యూమినియం చేసేవాళ్ల సంగతి వేరు. డీసీలో సుమారు 30 శాతం వేడి టార్చిలోని టంగ్‌స్టన్ మొన వైపు ఉంటే, ఏసీలో దాదాపు సగం అటే పోతుంది. మందపాటి అల్యూమినియం మీద గంటల తరబడి పని ఉంటే నీళ్లు తప్పవు. 1942లో అమెరికాలో రసెల్ మెరెడిత్ టిగ్ పద్ధతికి పేటెంటు పొందాక, లిండే కంపెనీ నీళ్ల టార్చిని కూడా తయారు చేసింది.

అపోహ: ఉన్న టార్చికే పైపు చుట్టి నీళ్లు పారిస్తే చాలు.

చాలదు, నీళ్ల టార్చే వేరుగా కావాలి. 18, 20 నంబర్ల నీళ్ల టార్చిల్లో నీళ్లు తల లోపలికి వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు కరెంటు తీగ ఉన్న గొట్టంలోంచే వస్తాయి. నీళ్లలో మునిగి ఉంటుందనే ధీమాతోనే ఆ రాగి తీగను సన్నగా పెడతారు. కేబుల్ తేలిగ్గా ఉండి, మణికట్టు నొప్పి పుట్టకపోవడానికి కారణం అదే.

అపోహ: నీళ్లు ఎంత చల్లగా ఉంటే అంత మంచిది. డబ్బాలో ఐసు వేయాలి.

అన్నిటికంటే గట్టిగా పాతుకుపోయిన నమ్మకం ఇది. నిమిషానికి ఒక లీటరు నీళ్లు పారుతూ 10 డిగ్రీలు వేడెక్కితే సుమారు 700 వాట్ల వేడిని మోసుకుపోయినట్టు. డబ్బాలో నీళ్లు 25 డిగ్రీలున్నా 38 ఉన్నా ఈ లెక్క దాదాపు అదే. మారేదల్లా ప్రవాహం తగ్గినప్పుడే. ఐసుతో మేలు లేకపోగా కీడుంది. మనది సముద్రం దగ్గరి ఊరు, గాలిలో తేమ ఎక్కువ. చన్నీళ్ల చెంబుకు బయట చెమట పట్టినట్టే టార్చి తలకూ పడుతుంది. ఆ తేమ ఆర్గాన్‌లో కలిసిందా, అతుకు నిండా చిల్లులే, ముఖ్యంగా అల్యూమినియంలో. నీళ్లు గది వేడికి కాస్త పైన ఉండటమే క్షేమం.

ఐసు లేకుండా డబ్బా ఎంతసేపు తట్టుకుంటుందో లెక్కేద్దాం. టార్చి నుంచి కిలోవాటు వేడి చేరుతుందనుకుంటే, 20 లీటర్ల డబ్బా 10 డిగ్రీలు ఎక్కడానికి 14 నిమిషాలు పడుతుంది. ఆగి ఆగి చేసే పనికి ఉత్త డబ్బా చాలు. ఏకధాటి పనికి రేడియేటరు, ఫ్యాను కావాలి. పాత విండో ఏసీ కాయిల్ దీనికి బాగా పనికొస్తుంది. రేకులు అల్యూమినియమైనా, లోపలి గొట్టం రాగిదైతే నీళ్లకు తగిలేది రాగి ఒక్కటే. గ్యాస్ ఉన్న కాయిల్‌ను మీరే కోయకండి, ఏసీ మెకానిక్‌తో తీయించండి. లోపలి నూనెను కడిగేయండి. బైకుల అల్యూమినియం రేడియేటరు వద్దు: రాగి, అల్యూమినియం ఒకే నీళ్లలో ఉంటే అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది.

అపోహ: ఎయిర్ కూలర్ పంపు సరిపోతుంది.

అది నీళ్లను మనిషి ఎత్తుకు తోయగలదు, అంతే. టార్చి గొట్టం సన్నం, పొడవు నాలుగు మీటర్ల పైన. అందులోంచి నిమిషానికి లీటరు తోయాలంటే ఒత్తిడి కావాలి. పురుగుమందు స్ప్రేయర్లలో వాడే 12 వోల్టుల డయాఫ్రం పంపు, కొత్తది, ఆ ఒత్తిడి ఇస్తుంది. పైగా నీళ్ల దగ్గర 230 వోల్టుల తీగ ఉండదు. తిరిగొచ్చే నీళ్లను నిమిషంపాటు కొలపాత్రలో పట్టి చూస్తే నిజం తెలిసిపోతుంది.

అపోహ: బోరు నీళ్లో, ఆర్.ఓ. నీళ్లో పోస్తే చాలు. కారు కూలంటు ఇంకా మంచిది.

బోరు నీళ్ల లవణాలు సన్న దారుల్లో పెచ్చు కడతాయి. ఆర్.ఓ. నీళ్లలోనూ కొంత లవణం మిగులుతుంది. కారు కూలంటులోని రసాయనాలు కరెంటును పారిస్తాయి. ఆర్క్ రాజేసే హై ఫ్రీక్వెన్సీ ఆ దారిన జారిపోయి స్టార్టింగ్ మొరాయిస్తుంది. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి, నాచు పట్టకుండా డబ్బాకు ఎండ తగలనివ్వకండి.

అపోహ: నీళ్లు కాసేపు ఆగినా ఏం కాదు.

నీళ్ల టార్చి కేబుల్‌లోని ఆ సన్న రాగి తీగ క్షణాల్లో కాలుతుంది, గొట్టం కరుగుతుంది. నీళ్లు డబ్బాలోకి తిరిగొచ్చే చోట, పారినప్పుడే కలిసే ఫ్లో స్విచ్చి ఒకటి పెట్టి, దాని తీగలను టార్చి ట్రిగ్గర్ తీగతో సిరీస్‌లో కలపండి. నీళ్లు ఆగితే ఆర్క్ ఆగుతుంది. మెషిన్‌ను మాత్రం 2టీ మోడ్‌లోనే (ట్రిగ్గర్ నొక్కినంతసేపే కరెంటు) ఉంచాలి. 4టీలో వేలు తీశాక కూడా కరెంటు నడుస్తూనే ఉంటుంది, కాబట్టి అక్కడ ఈ స్విచ్చి కాపాడలేదు. పొద్దున్నే పని మొదలుపెట్టేముందు పంపు ఆపి ట్రిగ్గర్ నొక్కి చూడండి. ఆర్క్ రాజుకుందంటే ఆ స్విచ్చి బాగయ్యేదాకా పని పెట్టుకోకండి.