ఒంటరి ఎలక్ట్రాన్ల లాగుడు

ప్రతి ఎలక్ట్రానూ ఒక చిట్టి అయస్కాంతం. ఒకే ఆర్బిటాల్‌లో రెండు చేరితే వాటి స్పిన్‌లు ఎదురెదురుగా ఉండి ఒకదాని ప్రభావాన్ని మరొకటి కొట్టేస్తుంది. అన్నీ జతకూడితే ఆ పదార్థం అయస్కాంతానికి దూరం జరుగుతుంది: అది డయా అయస్కాంతం. ఒంటరి ఎలక్ట్రాన్ మిగిలితే దగ్గరికి వస్తుంది: అది పారా అయస్కాంతం.

★ రాగిని అయస్కాంతం స్వల్పంగా వికర్షిస్తుంది. మైలుతుత్తాన్ని మాత్రం ఆకర్షిస్తుంది. అందులోని రాగి అయాన్ రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకుని 3డి⁹ విన్యాసంతో, ఒక ఒంటరి ఎలక్ట్రాన్‌తో మిగలడమే కారణం.

★ ఫెర్రిక్ అయాన్‌లో ఐదు డి ఆర్బిటాళ్లకూ ఒక్కొక్క ఎలక్ట్రాన్. అందుకే దాని అయస్కాంత భ్రామకం సుమారు 5.9 బోర్ మాగ్నెటాన్లు. పది డి ఎలక్ట్రాన్లున్న జింక్ అయాన్‌కు సున్నా. ఎన్ని ఉన్నాయన్నది కాదు, ఎన్ని విడిగా ఉన్నాయన్నదే లెక్క.

★ ఆక్సిజన్ అణువులో రెండు ఒంటరి ఎలక్ట్రాన్లున్నాయి. మైనస్ 183 డిగ్రీల లేతనీలి ద్రవ ఆక్సిజన్‌ను బలమైన అయస్కాంత ధ్రువాల మధ్య పోస్తే, కిందికి జారిపోకుండా అక్కడే వేలాడుతుంది.

★ ఆక్సిజన్ లేని హీమోగ్లోబిన్‌లో ఒక్కో ఇనుప అయాన్‌కు నాలుగు ఒంటరి ఎలక్ట్రాన్లు. ఆక్సిజన్‌తో కలిశాక ఇటు నాలుగూ లేవు, అటు రెండూ లేవు! పౌలింగ్, కొరియెల్ 1936లో దీన్ని కొలిచి చూపారు. మెదడు పనితీరును చూపే ఎఫ్‌ఎంఆర్‌ఐకి ఆధారం ఈ తేడాయే.

★ భీమునిపట్నం తీరపు ఇసుకలోని ఇల్మెనైట్‌, రూటైల్‌ రెండూ టైటానియం ఖనిజాలే. బలమైన అయస్కాంతం ఇల్మెనైట్‌ను లాగేస్తుంది, రూటైల్‌ను వదిలేస్తుంది. ఇల్మెనైట్‌లోని ఇనుముకు ఒంటరి ఎలక్ట్రాన్లున్నాయి. రూటైల్‌లోని టైటానియం అయాన్‌కు డి ఎలక్ట్రాన్లే లేవు.

★ ఇలాంటి గుణాలను కొలవడానికి శాంతిస్వరూప్ భట్నాగర్, కె.ఎన్. మాథుర్ 1928లో ఒక ప్రత్యేకమైన త్రాసు రూపొందించారు.

★ విడి ఇనుప పరమాణువులో ఒంటరి ఎలక్ట్రాన్లు నాలుగు, క్రోమియంలో ఆరు. అయినా అయస్కాంతానికి అతుక్కునేది ఇనుమే. ఇనుప లోహంలో పక్కపక్క పరమాణువుల స్పిన్‌లు ఒకే దిక్కుకు తిరుగుతాయి (ఫెర్రో అయస్కాంతం). క్రోమియంలో ఎదురెదురు తిరిగి రద్దవుతాయి.

★ ఇనుము ఫెర్రో గుణాన్ని 770 డిగ్రీల సెల్సియస్ దాకా నిలుపుకుంటుంది. ఏడు ఒంటరి ఎఫ్ ఎలక్ట్రాన్లున్న గాడోలినియం సుమారు 20 డిగ్రీలకే వదులుకుంటుంది. హైదరాబాద్‌లో అయితే చలికాలం మధ్యాహ్నం ఎండ చాలు!