కోడి ఈడు, కాలి గుర్తు: అపోహలు – వాస్తవాలు

పెరటి పెంపకంలో వేర్వేరు నెలల్లో పొదిగిన పిల్లలు ఒకే గూటిలో కలిసి పెరుగుతాయి కనుక, ఆరేడు నెలలు గడిచేసరికి ఏది ఏ ఈడుదో పోల్చుకోవడం కష్టమవుతుంది. వయసు తెలియనప్పుడు ఏ పిల్లకు కొక్కెర తెగులు టీకా గడువు వచ్చిందో, ఏ పెట్ట గుడ్లు తగ్గే దశకు చేరిందో, ఏ పుంజును సంతానానికి నిలపాలో తేల్చడం ఊహగానే మిగులుతుంది. ఈ లోటు తీర్చడానికి కాలి రింగులు, రెక్క పట్టీలు, వేలిపొర రంధ్రాలు వాడుకలోకి వచ్చినా, వాటి గురించీ, వాటికి బదులుగా నమ్ముకునే దేహలక్షణాల గురించీ కొన్ని అపోహలు బలంగా నాటుకొని ఉన్నాయి.

అపోహ 1: కాలిముల్లు పొడవును బట్టి వయసు ఖచ్చితంగా చెప్పవచ్చు.

వాస్తవం: కాలి వెనుక వైపు పెరిగే ముల్లు లోపల ఎముక, పైన కొమ్ము వంటి తొడుగు కలిగిన నిర్మాణం, అది వయసుతో పెరిగే మాట నిజమే గాని, ఎంత పెరుగుతుందన్నది జాతిని బట్టి, ఆడా మగా అన్న భేదాన్ని బట్టి, తిరిగే నేల గరుకుదనాన్ని బట్టి మారుతుంది. కొన్ని పెట్టలకూ ముళ్లు వస్తాయి; కొన్ని పుంజులకు యజమానులే వాటిని కత్తిరిస్తారు. కాళ్లు గరుకుగా ఉంటే ముసలిదన్న లెక్క కూడా నిలవదు, ఎందుకంటే పొలుసుల కిందికి దూరే సూక్ష్మమైన పురుగు పడుచు కోడి కాళ్లను సైతం బెరడులా మారుస్తుంది. రొమ్ము ఎముక వెనుక కొన మెత్తగా వంగితే అది లేత కోడి అని, గట్టిపడితే ఎదిగినదని తెలుస్తుంది. అంతకు మించి ఏడాదీ రెండేళ్లూ అన్న తేడాను దేహలక్షణాలు నమ్మకంగా చెప్పలేవు.

అపోహ 2: పచ్చని కాళ్లుంటే పడుచుది, పాలిపోతే ముసలిది.

వాస్తవం: కాళ్ల పసుపుదనం పచ్చ మొక్కజొన్న, ఆకుకూరల వంటి మేత నుంచి వచ్చే జాంథోఫిల్ అనే రంగుపదార్థం వల్ల కలుగుతుంది. పెట్ట గుడ్లు పెట్టడం మొదలుపెట్టాక ఆ పదార్థం పచ్చసొనకు మళ్లుతుంది కనుక, మొదట గుడ్డు వెలువడే మార్గం చుట్టూ, ఆపై కంటి అంచున, ముక్కున, చివరగా కాళ్లలో రంగు తగ్గుతూ వస్తుంది. గుడ్లు ఆగినప్పుడు అదే వరుసలో తిరిగి చేరుతుంది. అందుచేత పాలిపోయిన కాలు ఎక్కువ గుడ్లు పెట్టిన పెట్టను సూచిస్తుందే తప్ప ముసలి పెట్టను కాదు. దేహమంతా నలుపు నిండిన కడక్‌నాథ్ వంటి జాతిలో ఈ పరీక్షకు అసలు తావే లేదు.

అపోహ 3: కాలికి ఒకసారి రింగు వేస్తే, లేదా గుడ్డపీలిక కడితే, జీవితాంతం చాలు.

వాస్తవం: పుట్టిన రోజున సుమారు 40 గ్రాములుండే పిల్ల కొన్ని నెలల్లో కిలో దాటుతుంది, కాలూ ఆ మేరకు లావెక్కుతుంది. అప్పుడు బిగుసుకున్న రింగు లేదా దారం చర్మాన్ని కోసి, రక్తప్రసరణను అడ్డుకొని, చివరకు పాదాన్నే పోగొట్టవచ్చు. చుట్టలు తిరిగిన ప్లాస్టిక్ రింగు వాడితే ఎదుగుదల కాలంలో తరచుగా చూసి పెద్ద కొలతకు మార్చాలి. పుంజు కాలు పెట్ట కాలి కంటే లావు గనుక రెండింటికీ ఒకే కొలత సరిపోదు. అతుకులేని మూసిన రింగును మాత్రం పాదం ఇంకా చిన్నగా ఉన్నప్పుడే, ఎదిగిన కాలికి సరిపోయే కొలతలో ఎక్కిస్తారు. పాదం పెరిగాక అది ఊడిరాదు కాబట్టి దానిమీద ముద్రించిన సంవత్సరాన్ని మార్చడం తేలిక కాదు.

అపోహ 4: వేలిపొరకు రంధ్రం వేస్తే కోడి కుంటిదవుతుంది, పైగా నాలుగు గుర్తులకు మించి రావు.

వాస్తవం: కోడి ముందు వేళ్లు మూడింటి నడుమ ఒక్కో పాదానికి రెండేసి పలుచని చర్మపు పొరలు ఉంటాయి. పుట్టిన ఒకటి రెండు రోజుల్లో చిన్న పరికరంతో ఆ పొరకు మాత్రమే రంధ్రం వేస్తారు. అప్పుడు క్షణికమైన నొప్పి కలిగినా, ఎముకకూ వేలికీ సంబంధం లేనందున నడకకు లోటు రాదు. తెగిన చర్మపు ముక్క అక్కడే వేలాడితే గాయం అతుక్కొని రంధ్రం పూడిపోతుంది కనుక ముక్కను పూర్తిగా తీసివేసి, కొన్ని రోజుల తరువాత మళ్లీ చూడాలి. నాలుగు పొరల్లో ప్రతిదానికీ రంధ్రం ఉండటం, లేకపోవటం అనే రెండు స్థితులు ఉన్నందున మొత్తం 16 వేర్వేరు గుర్తులు ఏర్పడతాయి. ఏ రంధ్రమూ లేని స్థితి వాటిలో ఒకటి. ఏడాదికి నాలుగు పొదుగులు దింపే ఇంటికి ఈ లెక్కన ఇవి నాలుగేళ్లకు సరిపోతాయి.

అయితే ఈ గుర్తు ఏ పొదుగు పిల్లో చెబుతుందే గాని ఏ పిల్లో చెప్పదు. ఒక్కో కోడినీ విడిగా గుర్తించాలంటే భుజానికీ రెక్క మణికట్టుకూ మధ్య సాగే పలుచని చర్మంలోంచి సంఖ్య ఉన్న లోహపు పట్టీని తొడుగుతారు. తల్లిదండ్రుల వరుస తెలియనిదే ముందుకు సాగని జాతుల అభివృద్ధి కృషికి ఇది ఎంతో అవసరం.

అపోహ 5: ఈకలకు రంగు పూస్తే సరిపోతుంది, ఎర్రరంగు అయితే మరీ మంచిది.

వాస్తవం: పిల్ల ఈకలు రాలి కొత్తవి వస్తాయి, ఎదిగిన కోడి కూడా ఏటా ఈకలు మారుస్తుంది, కాబట్టి రంగు కొన్ని వారాల గుర్తే. కోళ్లు రంగులను బాగా గుర్తిస్తాయి, రక్తపు ఎరుపును చూస్తే పొడుస్తాయి. గుంపులో ఒకటి రెండింటికే కొత్త రంగు పూస్తే మిగిలినవి వాటిని పరాయివిగా ఎంచి తరమవచ్చు.

అపోహ 6: గుర్తు ఉంటే పుస్తకం అవసరం లేదు.

వాస్తవం: రంధ్రానికీ రింగు రంగుకూ సొంతంగా అర్థం లేదు, ఎడమ కాలి లోపలి పొర ఏ నెలను, పచ్చరింగు ఏ సంవత్సరాన్ని సూచిస్తాయో రాసిపెట్టనిదే అవి వట్టి మచ్చలు. నాలుగు రంగులను వంతులవారీగా వాడితే అయిదో ఏట మొదటి రంగే తిరిగివస్తుంది, ఒక రింగు ఊడిపోతే ఆ కోడి పూర్వాపరాలు దానితోపాటే పోతాయి. అందుకే ఊడని వేలిపొర గుర్తును ఆధారంగా, దూరం నుంచి కనిపించే రింగును సౌకర్యంగా భావించి, పొదుగు దిగిన నాడే తేదీ, పిల్లల సంఖ్య, తల్లి వివరం, వేసిన గుర్తు ఒకే వరుసలో నమోదు చేయడం క్షేమం. కోడి వయసు దాని ఒంటిని చూసి చదవదగిన విషయం కాదు; గుడ్డు పగిలిన రోజున రాసుకోవలసిన విషయం.