నాలుగు ఆకారాల్లో అమ్మమ్మ!

కొండపల్లి బొమ్మని ఎప్పుడైనా చేతిలోకి తీసుకుని నింపాదిగా చూశారా? ముఖం నున్నటి కోల. కళ్లూ కనుబొమలూ నాలుగు నల్ల గీతలు. చెంపమీద మెరుపు లేదు, గడ్డం కింద నీడ లేదు. అయినా తలపాగా చూసి రైతు అనీ, మోకు చూసి గీత కార్మికుడనీ చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు.

విజయవాడ పక్కనే ఉన్న కొండపల్లిలో ఈ బొమ్మల్ని తెల్లపొణికి చెక్కతో చేస్తారు. ఒళ్లూ చేతులూ విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. సున్నం పూసి, ఆరాక రంగులేస్తారు. ఒక్కో భాగానికీ ఒక్కటే చిక్కటి రంగు.

కాన్వాసు మీద ఇలాంటి పొదుపునే చూపించారు తోట వైకుంఠం. కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టి, బరోడాలో కె.జి.సుబ్రమణ్యన్ దగ్గర చదువుకున్న చిత్రకారుడాయన. నల్లటి మేనిఛాయ, నుదుట పెద్ద బొట్టు, ఎర్రచీర... అంతే, తెలంగాణ పల్లె కళ్లముందుంటుంది.

మరి మనింట్లోవాళ్ల ముఖాన్ని ఇలా వేయగలమా? తప్పకుండా. కాకపోతే ఒక చిక్కుంది. కొండపల్లి బొమ్మని వేషం పట్టిస్తుంది. ఒక మనిషిని పట్టించాల్సింది మాత్రం కొలతలు. గుండ్రటి ముడి, కళ్లజోడు పెట్టేస్తే ఊళ్లో అమ్మమ్మలంతా అందులో కనిపిస్తారు, మీ అమ్మమ్మ తప్ప!

అందుకే ఫొటో ముందు పెట్టుకుని కళ్లు సగం మూయండి. ముడతలూ వెంట్రుకలూ మాయమై పెద్ద ఆకారాలే మిగుల్తాయి. తల కోలగా ఉందా, పలకగా ఉందా? దవడ త్రికోణమా, అర్ధచంద్రమా? కళ్ల మధ్య ఎంత ఎడం? ముక్కుకీ పెదవికీ మధ్య ఎంత? ఈ ఎడాలు మార్చొద్దు. ఆ మనిషిలో అందరికంటే ముందు కనిపించేదాన్ని ఒక్కదాన్ని మాత్రం కాస్త పెంచండి. పొడుగు మెడైతే ఇంకొంచెం పొడుగ్గా, వెడల్పు నుదురైతే ఇంకొంచెం వెడల్పుగా.

రంగులు నాలుగైదు చాలు. పోస్టర్ కలర్స్ అయినా, ఆక్రిలిక్ అయినా ఒక్కో ఆకారానికి సరిపడా రంగు ఒకేసారి కలుపుకోవాలి. మధ్యలో అయిపోతే మళ్లీ అదే ఛాయ రావడం కష్టం. ఒకటి ఆరాకే పక్కది వేయాలి. పక్కపక్కన ఒకటి ముదురు, ఒకటి లేత ఉంటేనే అంచు తెలుస్తుంది. అనుమానమొస్తే సెల్‌ఫోన్లో నలుపు తెలుపు ఫొటో తీసి చూడండి. రెండు రంగులూ కలిసిపోయి కనిపిస్తే ఒకటి మార్చాల్సిందే.

పూర్తయ్యాక పేరు చెప్పకుండా ఇంట్లోవాళ్లకి చూపించండి. గుర్తుపట్టలేదా? కంగారుపడి కళ్లకి రెప్పలు, చీరకి పూలు అద్దకండి. ముందు ఎడాలు సరిచూడండి. చాలాసార్లు తేడా అక్కడే ఉంటుంది.